లక్కపిడత, మయసభ: వర్చువల్ రియాలిటీ చరిత్ర ప్రదర్శనలపై ఏటికొప్పాక వైపు నుంచి ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

నగరయాత్రలకు వెళ్లేవారికి గతాన్ని కళ్లముందు నిలిపే డిజిటల్ ప్రదర్శనలు నేడు ప్రధాన ఆకర్షణలవుతున్నాయి. శిథిలమైన కట్టడాన్ని పూర్తిరూపంలో చూపేటప్పుడు, ఆ రూపంలో ఎంత భాగానికి ఆధారముంది, ఎంత భాగం ఊహ అన్న ప్రశ్న తలెత్తుతుంది. తెలుగు పాఠపరిష్కరణ సంప్రదాయం గ్రంథపాతాన్ని గుర్తించి చెప్పిన తీరు, ఎఱ్ఱన అరణ్యపర్వశేషాన్ని పూరించిన తీరు ఈ ప్రశ్నను చర్చించడానికి తగిన ప్రమాణాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. విజయవాడ బాపు మ్యూజియం, విశాఖపట్నం కుర్సురా జలాంతర్గామి, లండన్‌లో 2017లో జరిగిన అమరావతి మహాచైత్య ప్రదర్శన ఇందులో పరిశీలనాంశాలు. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక లక్కబొమ్మల కళను ఈ ప్రమాణాలకు గీటురాయిగా తీసుకోవడం జరిగింది.

కీలకపదాలు: వర్చువల్ రియాలిటీ, చరిత్ర ప్రదర్శన, పాఠపరిష్కరణ, గ్రంథపాతం, అమరావతి, ఏటికొప్పాక, లక్కపిడత, చిత్రతురగ న్యాయం.

1. ప్రవేశిక

కొత్త నగరానికి వెళ్లినవారు అక్కడి కోటనో, గుడినో, మ్యూజియాన్నో చూసి రావడం చిరకాలపు అలవాటు. ఇటీవల ఆ జాబితాలో మరొకటి చేరింది. కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుంటే పడిపోయిన గోడలు లేచి నిలుస్తాయి. ఎండిన కోనేరు నిండుతుంది. వీథులలో పాతకాలపు మనుషులు నడుస్తారు. ప్రపంచంలోని పెద్ద పర్యాటక నగరాలలో ఇలాంటి ప్రదర్శనలు టికెట్టుపై నడుస్తున్నాయి. తెలుగు ప్రాంతాలలోనూ మ్యూజియాలు ఈ దిశగా అడుగులు వేస్తున్నాయి.

ఒకచోట కూర్చుని మరో చోటును చూడాలన్న కోరిక మనకు కొత్త కాదు. జాతరలలో బయస్కోపు పెట్టెకు కన్ను ఆనించి దూరపు పట్టణాలను చూసిన తరాలున్నాయి. తెరవెనుక దీపపు వెలుగులో తోలుబొమ్మలు లంకాదహనం చేస్తుంటే రాత్రంతా మేలుకొని చూసిన ఊళ్లున్నాయి. కాబట్టి ఈ సాంకేతికతను చూసి భయపడవలసిన పనిగాని, దీనిని అపూర్వమని కీర్తించవలసిన పనిగాని లేదు. ఇది చరిత్రను ఏ విధంగా చెబుతోంది, చెప్పేటప్పుడు దేనిని దాస్తోంది అన్నవే విమర్శకు విషయాలు.

ఈ పరిశీలనకు ఏటికొప్పాకను నిలుచునే చోటుగా ఎంచుకోవడానికి కారణముంది. వరాహనది ఒడ్డున ఉన్న ఈ గ్రామం బొమ్మలు చేసే ఊరు. బొమ్మ అంటే ప్రతిరూపం. అసలుకు, ప్రతిరూపానికి మధ్య ఉండవలసిన సంబంధమేమిటో తరతరాలుగా చేతితో ఆలోచించిన ఊరు ఇది. నగరంలోని డిజిటల్ ప్రతిరూపాన్ని ఈ ఊరి ప్రతిరూపం పక్కన పెట్టి చూస్తే కొన్ని సంగతులు స్పష్టమవుతాయి.

2. పేరులోని చిక్కు: మిథ్య, చిత్రతురగం

తలకు ధరించే దృశ్యయంత్రాన్ని ఇవాన్ సదర్లాండ్ 1968లో రూపొందించాడు. 'వర్చువల్ రియాలిటీ' అన్న పేరు 1980లలో జరోన్ లానియర్ ద్వారా ప్రచారంలోకి వచ్చింది. తెలుగులో దీనిని 'మిథ్యా వాస్తవం' అని అనువదించేవారున్నారు. వాడుకలో మిథ్య అంటే అబద్ధం గనుక ఈ అనువాదం అన్యాయమనిపించవచ్చు. అద్వైత పరిభాషలో మాత్రం మిథ్య అంటే అసత్యం కాదు; సదసద్విలక్షణం. ఉన్నదని గాని లేదని గాని నిర్వచించి చెప్పరానిది. ఈ శాస్త్రార్థంలో తీసుకుంటే ఆ అనువాదం మూలపదం కంటే లోతైనది.

అలంకారశాస్త్రం ఈ స్థితిని మరింత సూక్ష్మంగా చర్చించింది. నాటకంలో నటుని చూసి 'ఇతడు రాముడు' అనుకునే సామాజికుని జ్ఞానం ఎలాంటిదన్న ప్రశ్నకు శ్రీశంకుకుడు చిత్రతురగ న్యాయాన్ని చూపాడు. గోడమీద గీసిన గుర్రాన్ని చూసి గుర్రమంటాము. అది యథార్థజ్ఞానం కాదు, భ్రాంతి కాదు, సంశయం కాదు, సాదృశ్యజ్ఞానమూ కాదు. ఈ నాలుగింటికీ భిన్నమైనది. శంకుకుని అనుమితివాదాన్ని తరువాతివారు ఖండించినా ఈ న్యాయం అలంకారశాస్త్ర చర్చలో నిలిచింది.

చిత్రతురగానికి ఒక గోడ ఉంది, గీసిన గీత ఉంది. చూసేవాడు గుర్రంతో పాటు గోడను కూడా చూస్తాడు. హెడ్‌సెట్ చేసే పని ఆ గోడను కనబడకుండా చేయడం. ఎటు తల తిప్పితే అటు దృశ్యం తిరుగుతుంది. చట్రానికి అంచు దొరకదు. అంచు కనబడనప్పుడు చిత్రతురగ జ్ఞానం భ్రాంతివైపు ఒరుగుతుంది. వినోదానికి అది లోపం కాదు. చరిత్ర విషయంలో మాత్రం చూసినదానినే జరిగినదిగా ఇంటికి తీసుకువెళ్లే ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

సభాపర్వంలోని మయసభ కథ ఇక్కడ స్మరణీయం. దుర్యోధనుడు నేలను నీరనుకొని బట్టలు ఎగదీసుకున్నాడు. నీటిని నేలనుకొని పడ్డాడు. సభ అద్భుతమైనది కావడం అతని పరాభవానికి కారణం కాదు. ఏది స్థలమో ఏది జలమో చెప్పే గుర్తు అక్కడ లేదు. ఇంటివారికి తెలిసిన ఆ తేడా వచ్చినవాడికి తెలియలేదు. నేటి ప్రదర్శనశాలలో ఇంటివారు రూపకర్తలు, పరిశోధకులు, వచ్చినవాడు యాత్రికుడు. ఏ స్తంభం తవ్వకంలో దొరికిందో, ఏ స్తంభం కంప్యూటరు తెరమీద పుట్టిందో మొదటివారికి తెలుసు. రెండవవాడికి చెప్పకపోతే అతడు మయసభలో నిలుచున్నట్లే.

3. టీక, పూరణం: రెండు పద్ధతులు

అన్ని డిజిటల్ ప్రదర్శనలు ఒకే జాతివి కావు. విజయవాడలోని బాపు మ్యూజియం ఒక విధానానికి ఉదాహరణ. పూర్వం విక్టోరియా జూబిలీ మ్యూజియంగా పేరొందిన ఈ భవనానికి 1887లో అప్పటి కృష్ణా కలెక్టరు రాబర్ట్ స్యూయల్ శంకుస్థాపన చేశాడు. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాల సందర్భంగా పింగళి వెంకయ్య గాంధీజీకి పతాక నమూనాను సమర్పించిన స్థలంగా దీనికి ప్రసిద్ధి ఉంది. చిత్రకారుడు, దర్శకుడు బాపు పేరుతో నవీకరించిన మ్యూజియం 2020 అక్టోబరు 1న ప్రారంభమైంది. సందర్శకుడు తన ఫోను సాయంతో వస్తువు వివరాలను చూసి, వినే ఏర్పాటు అందులో భాగం.

ఈ పద్ధతిలో వస్తువు ఎదుటే ఉంటుంది. ఫోను దాని గురించి మాట్లాడుతుంది. మూలశ్లోకం పక్కన టీక ఉన్నట్లే ఇది. టీక తప్పు చెప్పినా మూలం చెడిపోదు. చదువరి మళ్లీ మూలంవైపు చూడవచ్చు. ఇందులో ఉన్న ఇబ్బంది వేరు. టీక చదివినవాడు మూలం చదవడం మానుకోవచ్చు. రాతి విగ్రహం ముందు నిలబడి ఫోనునే చూస్తూ ముందుకు నడిచిపోవచ్చు. అది అలవాటుకు సంబంధించిన దోషమే తప్ప ప్రామాణికతకు సంబంధించినది కాదు.

పూర్తి వర్చువల్ రియాలిటీ దీనికి భిన్నం. అక్కడ మూలం ఎదుట ఉండదు. దాని స్థానంలో కొత్త నిర్మాణం నిలుస్తుంది. అది టీక కాదు, పూరణం. పోయిన పాదాన్ని మరొకరు పూరిస్తే పద్యం నడుస్తుంది గాని, ఆ పాదం ఎవరిదన్న ప్రశ్న మిగులుతుంది.

విశాఖపట్నం తీరంలోని కుర్సురా జలాంతర్గామి మూడో పద్ధతిని చూపుతుంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమణ పొందిన ఈ నౌక 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డున ఉంది. అనకాపల్లి జిల్లా గ్రామాలనుంచి విశాఖ చూడడానికి వెళ్లే పిల్లలలో దీనిలోకి దిగనివారు అరుదు. ఇక్కడ వస్తువు అసలుది. ఇరుకు, లోహపు గోడలు, తల వంచి దాటవలసిన గుండ్రటి ద్వారాలు శరీరానికే తెలుస్తాయి. లేనిది సముద్రగర్భం ఒక్కటే. ఆ లోటును పూరించేది యంత్రం కాదు; వివరాలు చెప్పే విశ్రాంత నౌకాదళ సిబ్బంది మాటలు. తాము చేసిన పనిని తామే చెప్పే మనుషులు అక్కడ ఉన్నారు. కొత్త ప్రదర్శనలను అంచనా వేసేటప్పుడు ఈ సాదాసీదా ఏర్పాటును మరచిపోరాదు.

4. అమరావతి: పూరణానికి కఠిన పరీక్ష

పూరణ సమస్య అత్యంత తీవ్రంగా కనిపించే తెలుగు ఉదాహరణ అమరావతి మహాచైత్యం. 18వ శతాబ్ది చివరలో కాలిన్ మెకంజీ ఇక్కడికి వచ్చాడు. 1816లో మళ్లీ వచ్చి చిత్రాలు గీయించాడు. ఈ మధ్యకాలంలో ఎన్నో పలకలు కట్టడాలకు, సున్నపు బట్టీలకు పోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు, అక్కడినుంచి చాలా భాగం లండనుకు చేరాయి. విజయవాడ మ్యూజియం సందర్భంలో పేర్కొన్న స్యూయలే 1877లో అమరావతిలోనూ తవ్వకాలు జరిపాడు. నేడు ఆ చైత్యం లండన్, చెన్నై, అమరావతి మొదలైన చోట్ల ముక్కలుగా ఉంది. స్వస్థలంలో మిగిలినది అడుగుభాగపు దిబ్బ.

ఇలాంటి కట్టడాన్ని ఒకేచోట చూపడం డిజిటల్ మాధ్యమానికే సాధ్యం. 2017 ఆగస్టు నుంచి అక్టోబరు వరకు బ్రిటిష్ మ్యూజియం, గూగుల్ సంస్థ సిడ్నీ విభాగంతో కలిసి 'వర్చువల్ పిల్‌గ్రిమేజ్' పేరుతో మహాచైత్య ప్రదర్శన నిర్వహించింది. ఇది కచ్చితమైన అర్థంలో హెడ్‌సెట్ ప్రదర్శన కాదు. తెరమీద నిలిపిన చైత్యరూపాన్ని సందర్శకుడు తన ఫోనుతో అన్వేషించే పద్ధతి. అయినా దాని లక్ష్యం వర్చువల్ రియాలిటీ లక్ష్యమే: పోయిన స్థలంలోకి ప్రవేశం కల్పించడం.

ఈ ప్రదర్శనలోని ఉత్తమాంశం తెర కాదు, దాని పక్కన ఉన్న రాయి. ప్రదర్శనకు కేంద్రంగా నిలిచిన పలకకు రెండువైపులా శిల్పాలున్నాయి. క్రీ.పూ. 1వ శతాబ్దికి చెందిన ఒకవైపున బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, దానిని పూజించే భక్తులు. సుమారు మూడు శతాబ్దాల తరువాత అదే పలకను తిప్పి రెండోవైపున మహాచైత్యాన్నే చెక్కారు. అంటే చైత్యానికి ఒకే ఒక 'అసలు రూపం' లేదని ఆ రాయే సాక్ష్యం చెబుతోంది. అది కట్టబడింది, మార్చబడింది, పాత రాళ్లతో మళ్లీ అలంకరించబడింది. వర్చువల్ పునర్నిర్మాణం ఈ పొరలలో ఏ ఒక్కదానినో ఎంచుకోక తప్పదు. ఎంచుకున్న క్షణంలో మిగిలిన శతాబ్దాలు కనుమరుగవుతాయి.

మరొక చిక్కు మూలాధారానికి సంబంధించినది. చైత్యం ఎలా ఉండేదో మనకు చెబుతున్నవి ప్రధానంగా ఇలాంటి పలకలే. సింహాలు కాపున్న ద్వారాలు, ఐదేసి ఆయక స్తంభాలు, పూలదండలు చుట్టిన అండం వాటిపై కనిపిస్తాయి. అయితే అవి కొలతలతో గీసిన నమూనాలు కావు. భక్తితో చెక్కిన ఆదర్శరూపాలు. ఒక పలకపై ఉన్న చైత్యం మరొక పలకపై ఉన్నదానితో అన్ని వివరాలలోనూ సరిపోదు. అండం ఎత్తు ఎంత, పైభాగం ఎలా ఉండేది అన్న విషయాలలో పండితులు వేసిన ఊహాచిత్రాలు ఏకరీతిగా లేవు. 1954లో డగ్లస్ బారెట్, 1992లో రాబర్ట్ నాక్స్ వెలువరించిన గ్రంథాలు ఈ శిల్పాల అధ్యయనానికి ముఖ్యమైనవి. గ్రంథంలో 'బహుశా' అన్న మాటకు చోటుంది. తెరమీద లేచిన అండానికి మాత్రం ఏదో ఒక ఎత్తు ఉండి తీరాలి. 'బహుశా' అని చెప్పగల దృశ్యభాష ఇంకా మనకు అలవడలేదు.

'యాత్ర' అన్న పేరును కూడా విమర్శించవలసి ఉంది. చైత్యాన్ని పూజించే పద్ధతి ప్రదక్షిణం. అది పాదాలతో చేసేది. ఆ చైత్యానికి దానాలిచ్చినవారి శాసనాలలో భిక్షువులు, భిక్షుణులు, గృహస్థులు, వ్యాపారులు కనిపిస్తారు. పూర్ణఘట ఫలకాన్ని దానం చేసిన విధికుడనే చర్మకారుడు కనిపిస్తాడు. వారు వచ్చినది ఆ స్థలానికి. లండన్‌లో తెర చుట్టూ తిరిగిన సందర్శకుని అనుభవం విలువైనదే కావచ్చు. కృష్ణాతీరంలో ఉన్న విద్యార్థికి అలాంటి దృశ్యం అందితే అతనికీ మేలే. కాని ముక్కలను తెరమీద కలిపినంత మాత్రాన అవి ఎందుకు విడిపోయాయన్న ప్రశ్న పరిష్కారం కాదు. డిజిటల్ ఏకీకరణ ఆ ప్రశ్నను గుర్తుచేయాలి; దానికి సమాధానమైనట్లు నటించరాదు.

నాగార్జునకొండ ఉదాహరణ దీనికి తోడ్పడుతుంది. నాగార్జునసాగర్ జలాశయంలో మునగబోయే లోయలో 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో విస్తృతంగా తవ్వకాలు జరిగాయి. ఎంపిక చేసిన కట్టడాలను ద్వీపంమీదికి, అనుపు తీరానికి తరలించి మళ్లీ నిలిపారు. మునిగిన లోయ నమూనా ద్వీపంలోని మ్యూజియంలో ఉంది. అది డిజిటల్ యుగానికి ముందే జరిగిన పునర్నిర్మాణం. అక్కడికి పడవపై వెళ్లే ప్రతివాడూ ఆ నీటిని దాటుతాడు. అసలు స్థలం ఈ నీటి అడుగున ఉందన్న ఎరుకను ఆ ప్రయాణమే కలిగిస్తుంది. పునర్నిర్మాణానికి, నష్టానికి మధ్య ఉన్న దూరం అక్కడ కంటికి కనబడుతుంది.

5. గ్రంథపాతం, అరణ్యపర్వశేషం: మన ప్రమాణాలు

పునర్నిర్మాణంలో పారదర్శకత అవసరమని అంతర్జాతీయంగా గుర్తించారు. సాంస్కృతిక వారసత్వపు కంప్యూటరు దృశ్యీకరణల కోసం 2006లో మొదలై 2009లో సవరింపబడిన లండన్ చార్టర్, 2011 నాటి సెవిల్ సూత్రాలు ఇందుకు సంబంధించినవే. ఆధారమేది, ఊహ ఏది, ఒక నిర్ణయానికి ఎలా వచ్చారు అన్న వివరాలను నమోదు చేయాలని ఇవి కోరుతాయి. ఈ నమోదునే పారాడేటా అంటున్నారు.

ఇది తెలుగు పరిశోధకులకు పరాయి భావన కాదు. తాళపత్రం చిమ్మెటల పాలైనచోట పరిష్కర్త 'ఇక్కడ గ్రంథపాతము' అని రాసి ఖాళీ వదిలాడు. ప్రతుల మధ్య భేదమున్నచోట పాఠాంతరాలను పుట అడుగున ఇచ్చాడు. అనుమానమున్న పద్యాన్ని ప్రక్షిప్తమన్నాడు. ఏయే ప్రతులు చూశాడో పీఠికలో చెప్పాడు. సి.పి. బ్రౌన్ పలు ప్రతులను సేకరించి పోల్పించిన కాలంనుంచి వేటూరి ప్రభాకరశాస్త్రి, మానవల్లి రామకృష్ణకవి వంటివారి వరకు ఈ పద్ధతి బలపడింది. చదువరి ఆ చుక్కల గీతను చూసి నిరాశ పడవచ్చు, మోసపోడు. వర్చువల్ చైత్యంలో గ్రంథపాతానికి సమానమైన గుర్తు ఏది? ఆధారమున్న భాగాన్ని రాతిరంగులో, ఊహించిన భాగాన్ని లేతగా చూపడం ఒక పద్ధతి. రెండు మూడు ప్రత్యామ్నాయ రూపాలను ఒకదాని తరువాత ఒకటి చూపడం పాఠాంతరాలకు సమానం. సాంకేతికంగా ఇవి కష్టమైనవి కావు. సంకల్పమే కావాలి.

పూరణకర్తకు ఉండవలసిన ధర్మానికి మనకు ఇంకా గొప్ప ఆదర్శముంది. నన్నయ అరణ్యపర్వాన్ని అసంపూర్ణంగా విడిచాడు. తరువాత ఎఱ్ఱన ఆ శేషాన్ని పూరించాడు. నన్నయ రచనే అనిపించేలా శైలిని నడిపి, రాజరాజనరేంద్రునికే అంకితంగా సాగించాడు. అతుకు తెలియని పని అది. అయినా తాను పూరించిన సంగతిని పర్వాంతంలో తానే చెప్పుకున్నాడు. ఎక్కడ నన్నయ ఆగాడో, ఎక్కడ ఎఱ్ఱన మొదలుపెట్టాడో తెలుగు చదువరులు నేటికీ చూపగలరు. పరిపూర్ణమైన అనుకరణ, నిష్కపటమైన ప్రకటన ఒకే రచయితలో కలిసి ఉండగలవని ఇది నిరూపిస్తుంది. వర్చువల్ పునర్నిర్మాణానికి కావలసినది ఈ జంటగుణమే.

గుర్తులు పెడితే అనుభవం చెడుతుందని ఒక ఆక్షేపం రావచ్చు. అది రసవిఘ్నం అనవచ్చు. అభినవగుప్తుని చర్చే దీనికి సమాధానం. సామాజికుడు తన సొంత దేశకాలాలకో, ఎదుటివారి దేశకాలాలకో అంటిపెట్టుకొని ఉండడం రసవిఘ్నాలలో ఒకటి. పూర్వరంగం, ప్రస్తావన, నటుల వేషం దానిని తొలగిస్తాయని ఆయన చెప్పాడు. అంటే ఇది నాటకమన్న ఎరుక రసానికి అడ్డు కాదు, దారి. కూచిపూడి భాగవతులలో సూత్రధారుడు ఆద్యంతం రంగం మీదనే ఉంటాడు. అతడు ఉన్నందువల్ల సత్యభామ దుఃఖం ఎవరికీ తక్కువ కాలేదు. చరిత్ర ప్రదర్శనకు కూడా అలాంటి సూత్రధారుడు కావాలి. 'ఇంతవరకు తవ్వకం చెప్పింది. ఇక్కడినుంచి మా ఊహ' అనే ఒక్క వాక్యం చాలు.

6. ఏటికొప్పాక: కంటికి అందని చరిత్ర

ఇంతవరకు చర్చించినది కంటికి కనిపించే రూపం గురించి. కంటితో పని ముగియని చరిత్ర కూడా ఉంది. ఏటికొప్పాక దానికి నిదర్శనం.

ఇక్కడి బొమ్మకు మూలం అంకుడు కర్ర. తేలికైన ఈ కర్రను ఆరబెట్టి, లేత్‌పై తిప్పుతూ ఉలితో రూపం తీస్తారు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే కర్రకు ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. ఆపై మొగలి ఆకుతో నునుపు చేస్తారు. ఎంత ఒత్తాలి, ఎంతసేపు ఒత్తాలి అన్నది చూపు చెప్పదు. వేళ్లకు తగిలే వేడి, చెవికి వినిపించే రాపిడి శబ్దం చెబుతాయి. ఎక్కువ ఒత్తితే పూత చెడుతుంది. తక్కువ ఒత్తితే పట్టదు. హెడ్‌సెట్ ధరించిన సందర్శకుడు ఆ గదిలో నిలుచున్నట్లు అనుభూతి పొందవచ్చు. చేతికి మాత్రం ఏమీ అందదు. చేతిలో ఉన్న చరిత్ర అతనికి కంటిలోని బొమ్మగానే మిగులుతుంది.

ఈ కళ చరిత్రలోనూ అతుకులున్నాయి. 'నాలుగు వందల ఏళ్ల సంప్రదాయం' అన్న మాట పర్యాటక రచనలలో తరచుగా కనిపిస్తుంది. దానికి ఆధారమేమిటో అవి చెప్పవు. నేడు ఏటికొప్పాక పేరుకు పర్యాయమైన సహజరంగులు ఎప్పుడూ ఒకే తీరుగా కొనసాగినవి కావు. మధ్యలో రసాయనరంగులు వచ్చాయి. 20వ శతాబ్ది చివరి దశాబ్దాలలో చింతలపాటి వెంకటపతిరాజు కళాకారులతో కలిసి సాగించిన కృషివల్ల పసుపు, నీలిమందు, జాఫ్రా వంటి వాటినుంచి తీసిన రంగులు మళ్లీ స్థిరపడ్డాయి. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2023లో రాజుకు పద్మశ్రీ పురస్కారం వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే. రాష్ట్రాల శకటాలలో దానికి మూడో స్థానం దక్కింది. ఈ కీర్తి సమంజసమే. ఇంత కీర్తి వచ్చిన ఊరు త్వరలో ఏదో ఒక వర్చువల్ ప్రదర్శనకు వస్తువవుతుందని ఊహించడం కష్టం కాదు. ఆ ప్రదర్శన 'శతాబ్దాలుగా మారని కళ' అని మొదలుపెడితే, విరిగి అతికిన చరిత్రను, అతికించిన మనుషుల శ్రమను ఒకే మాటతో చెరిపివేసినట్లవుతుంది. అంకుడు కర్ర దొరకడం కళాకారులకు నేడు ఒక సమస్య అన్న సంగతీ ఆ పచ్చని దృశ్యంలో ఇమడదు. 1933లోనే, దేశంలోని తొలి సహకార చక్కెర కర్మాగారాలలో ఒకటి ఈ ఊరిలో ఏర్పడిందన్న సంగతి అసలే ఇమడదు.

పొరబడిన చూపుకూ చరిత్రలో చోటుంది. అనకాపల్లి పక్కన శంకరం గ్రామంలోని బౌద్ధక్షేత్రాన్ని 20వ శతాబ్ది తొలి దశకంలో అలెగ్జాండర్ రీ తవ్వించాడు. కొండరాతిలో తొలిచిన స్తూపాల వరుసలు జనానికి లింగాలుగా కనిపించాయి. ఆ కొండకు లింగాలకొండ అన్న పేరే నిలిచింది. పక్కనున్నది బొజ్జన్నకొండ. అక్కడ కనుమనాడు జరిగే తీర్థంలో ఒక రూపాన్ని భూతంగా భావించి రాళ్లు రువ్వే ఆచారం ఉండేదని పత్రికలు నమోదు చేశాయి. బౌద్ధవిహార దశను మాత్రమే మెరుగులు దిద్ది చూపే పునర్నిర్మాణం తరువాతి శతాబ్దాల ఈ పాఠాంతరాలన్నిటినీ తొలగిస్తుంది. 'శుద్ధపాఠం' కోసం పరిష్కర్త పాఠాంతరాలను కాల్చివేసినట్లే అది.

ఇక్కడ ఏటికొప్పాక చేతిలోనే ఒక సమాధానముంది. అది లక్కపిడత. తెలుగిళ్లలో ఆడపిల్లలు బువ్వాలాట ఆడుకున్న చిన్ని వంటపాత్రలవి. పొయ్యి, కుండ, తిరగలి, రోలు, అన్నీ అరచేతిలో పడతాయి. అందులో వండేది ఇసుకబువ్వ అని పిల్లకు తెలుసు. తెలిసీ వండుతుంది, తెలిసీ వడ్డిస్తుంది. వడ్డించినవారు తిన్నట్లు చేయకపోతే అలుగుతుంది. చిత్రతురగ న్యాయానికి ఇంతకంటె ఇంటి ఉదాహరణ లేదు. లక్కపిడత తన చిన్నతనాన్ని దాచుకోదు. నిజమైన కుండనని చెప్పుకోదు. అందుకే ఆ ఆటలో ఊహ అంత స్వేచ్ఛగా తిరుగుతుంది. ప్రతిరూపం తాను ప్రతిరూపమని ఒప్పుకున్నచోట చూసేవాడి ఊహకు పని దొరుకుతుంది. అన్నీ నింపేసిన చోట అతనికి చూడడం తప్ప పని మిగలదు.

7. ముగింపు

పై పరిశీలననుంచి ఈ అంశాలను ప్రతిపాదించవచ్చు.

1. ఎదుట ఉన్న వస్తువుకు వివరణ చేర్చే డిజిటల్ ప్రదర్శన టీక వంటిది. లేని వస్తువును నిలిపే వర్చువల్ రియాలిటీ పూరణం వంటిది. రెండింటినీ ఒకే కొలతతో కొలవరాదు. రెండోదానికి ప్రామాణికతా బాధ్యత అధికం.

2. ఆధారానికి, ఊహకు మధ్య గీతను ప్రదర్శనలోనే చూపాలి. పరిశోధన నివేదికలో దాచి ఉంచిన వివరం యాత్రికునికి అందదు. గ్రంథపాతం, పాఠాంతరం, పీఠిక అన్న మన పరిష్కరణ సాధనాలకు దృశ్యరూపాలను కల్పించవచ్చు.

3. ఒక కట్టడానికి, ఒక కళకు ఒకే 'అసలు రూపం' ఉందన్న భావనను విడిచిపెట్టాలి. అమరావతి పలక రెండు ముఖాలు, ఏటికొప్పాక రంగుల మధ్య వచ్చిన విరామం ఇందుకు సాక్ష్యాలు.

4. చేతిపనుల చరిత్రను చూపే ప్రదర్శనలలో ఆ పని చేసేవారే సూత్రధారులు కావాలి. వారి మాటకు, వారి పేరుకు, వారి జీవనోపాధికి చోటివ్వని దృశ్యం వారి గ్రామాన్ని చూపినా వారి చరిత్రను చూపదు.

5. తెలుగు, చరిత్ర, పురావస్తు శాఖల పరిశోధకులు ఇలాంటి ప్రదర్శనల రూపకల్పన దశలోనే పాల్గొనాలి. పూర్తయిన తరువాత తప్పులు ఎంచడం సులభమే కాని, తెరమీద ఒకసారి లేచిన గోడను చూసిన తరం మనసులోనుంచి దింపడం కష్టం.

వర్చువల్ రియాలిటీ మయసభ కావాలా, లక్కపిడత కావాలా అన్నది సాంకేతికత నిర్ణయించే విషయం కాదు. దానిని రూపొందించేవారు చూసేవారిని ఎలా గౌరవిస్తారన్న దానిపై అది ఆధారపడి ఉంటుంది. ఎఱ్ఱన తన పాఠకుని గౌరవించాడు. లక్కపిడత చేసిన కళాకారుడు తన చిన్నారి గృహిణిని గౌరవించాడు. నగరంలో టికెట్టు కొని చరిత్రను చూడవచ్చిన యాత్రికునికి కూడా ఆ గౌరవం దక్కవలసి ఉంది.